పాతబస్తీ వలసలోకంలో వంశం, కులం, మతం

మూసీ నదికి దక్షిణాన, 1591లో చార్మినార్ చుట్టూ మొదలైన హైదరాబాద్ పాతబస్తీ నాలుగు శతాబ్దాలుగా వలసలు వచ్చి చేరిన ఊరు. 1948 నుంచి వలసలు బయల్దేరుతున్న ఊరు కూడా. ఇరాన్ నుంచి, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి, ఉత్తర భారతం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. ఇక్కడి నుంచి కరాచీకి, జిద్దాకు, దుబాయికి, లండన్‌కు, షికాగోకు వెళ్లినవాళ్లు అక్కడ హైదరాబాదీలుగా పేరు పడ్డారు. ఈ రెండు ప్రయాణాల్లో వంశం, కులం, మతశాఖ అనే గుర్తింపులకు ఏమైందన్నది ఈ వ్యాస విషయం. దేశం దాటితే కులం కరిగిపోతుందని కొందరంటారు. ఎక్కడికెళ్లినా ఉన్నదున్నట్టు వెంటే వస్తుందని మరికొందరంటారు. పాతబస్తీ చరిత్ర ఈ రెండు మాటల్లో దేన్నీ పూర్తిగా బలపరచదు. పరాయి నేల మీద మతం బయటివాళ్లకు చెప్పుకునే పేరవుతుంది, వంశం ఇంటివాళ్లు అడిగే పేరుగా మిగులుతుంది. పెళ్లి, ఉపాధి, సర్కారు కాగితం అనే మూడు చోట్ల పుట్టుక అవసరపడినంతకాలం కులం నిలుస్తుంది. ఆ మూడింటిలో ఏది మారితే అక్కడ సడలుతుంది.

వచ్చి చేరినవాళ్లు

దక్కన్‌లో పుట్టుకను బట్టి మనిషిని తూచడం హైదరాబాద్ కంటే పాతది. బహమనీ దర్బారులో సముద్రం దాటి వచ్చిన ఆఫాకీలకూ స్థానిక దక్కనీలకూ మధ్య సాగిన పోరు గీలాన్ నుంచి వచ్చిన మంత్రి మహమూద్ గవాన్ ప్రాణం తీసింది (1481). ఇద్దరూ ముస్లింలే. తేడా ఎక్కడి నుంచి వచ్చారన్నది, ఎవరి సంతానమన్నది. గోల్కొండలో కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన తుర్క్‌మాన్. హైదరాబాద్ నగర నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించిన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్తరాబాది ఇరానీ సయ్యద్. ఆసఫ్‌జాహీల కాలంలో ఢిల్లీ వైపు నుంచి కాయస్థులు వచ్చారు. మాల్వాలా కాయస్థ కుటుంబం రెవెన్యూ లెక్కల దఫ్తరును వంశపారంపర్యంగా నడిపింది. అలాంటి మరో దఫ్తరు మహారాష్ట్ర బ్రాహ్మణులైన రాయరాయాన్ కుటుంబం చేతిలో ఉండేది. మన్సబు, జాగీరు, దఫ్తరు అన్నీ పుట్టుక వెంట నడిచే పాలనలో వంశవృక్షం ఇంటి జ్ఞాపకం మాత్రమే కాదు, జీవనోపాధికి ఆధారం. హిందువైనా ముస్లిం అయినా తాత పేరు చెప్పుకోవలసి రావడానికి కారణం ఇది.

ఈ మాటను రుజువు చేసే రెండు వలస సముదాయాలు అరబ్బులు, సిద్దీలు. ఇద్దరూ సముద్రం దాటి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్లే, ఇద్దరూ ముస్లింలే, ఇద్దరూ 1948లో కొలువు పోగొట్టుకున్నవాళ్లే. చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల బ్యారక్‌లు ఉన్న చోటు. యాఫై, కసీరి, బావజీర్, అమూదీ లాంటి ఇంటిపేర్లు ఇప్పటికీ అక్కడ వినిపిస్తాయి. ఈ పేర్లు దొంతరలను కూడా చెబుతాయి. హద్రమౌత్ సమాజంలో ప్రవక్త వంశీకులమని చెప్పుకునే సయ్యద్‌లది పై మెట్టు, వాళ్ల తర్వాత విద్యకూ ఆధ్యాత్మికతకూ పేరుపడిన మషాయిఖ్‌లు, వాళ్ల కింద ఆయుధం పట్టే తెగలు, అందరికంటే కింద పనివాళ్లు, చేతివృత్తులవాళ్లు, ఒకప్పటి బానిసల సంతతి. అమూదీలు, బావజీర్లు మషాయిఖ్ కుటుంబాలు. యాఫైలు, కసీరీలు తెగలవాళ్లు. హైదరాబాద్‌లో జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ సంతానం ఇక్కడ గడించిన డబ్బుతో, పలుకుబడితో హద్రమౌత్‌లో రాజ్యమే స్థాపించింది. ఆ కుఐతీ సుల్తానుల పాలన 1967 దాకా నడిచింది. ఇక్కడ దొరికిన కొలువు అక్కడ వంశం స్థాయిని పెంచిందన్నమాట. స్థానిక స్త్రీలను పెళ్లాడిన అరబ్బుల పిల్లలు తండ్రి పేరుతో అరబ్బులుగానే లెక్కకు వచ్చారు. తల్లి భాష ఉర్దూ అయినా, తండ్రి హద్రమౌత్ తిరిగి చూడకపోయినా ఆ లెక్క మారలేదు.

సిద్దీల కథ వేరు. ఆఫ్రికా సంతతి అంగరక్షక దళాన్ని మొదట వనపర్తి సంస్థానం కూర్చింది. అది తర్వాత నిజాం కొలువుకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ బస్తీ పేరు ఆ దళానిదే. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత దళం రద్దయింది. అరబ్బులను కూడా అప్పుడు చాలామందిని నిర్బంధించారు, దేశం దాటించే ప్రయత్నాలు జరిగాయి. అక్కడి దాకా ఇద్దరి కష్టం ఒకటే. ఆ తర్వాత అరబ్బుకు చెప్పుకోవడానికి పవిత్ర భాష ఉంది, గల్ఫ్‌లో చుట్టరికం ఉంది, సయ్యద్‌ల, షేక్‌ల సరసన కూర్చోబెట్టే పేరుంది. సిద్దీకి ఉన్నది బానిసత్వం నీడ పడిన గతం, ముఖం చూసి గుర్తుపట్టే రంగు. అరబ్బుల మర్ఫా వాద్యాన్ని పాతబస్తీ పెళ్లి బరాత్‌లలో మోగించి బతికిన కుటుంబాల్లో సిద్దీలే ఎక్కువ. నమాజు వరుసలో భుజం భుజం కలిపి నిలబడే ఇద్దరిలో ఒకరు పెళ్లికి అతిథిగా, ఒకరు వాయిద్యగాడిగా వచ్చారంటే ఆ తేడాను మతం పుట్టించలేదు, చెరపనూ లేదు.

వెళ్లినవాళ్లు

1948 తర్వాత పాతబస్తీ నుంచి మొదటి పెద్ద వలస పాకిస్తాన్ వైపు సాగింది. కరాచీలో హైదరాబాద్ కాలనీ, హైదరాబాద్ ముస్లిం నాయకుడు బహాదుర్ యార్ జంగ్ పేరు మీద వెలసిన బహాదురాబాద్ ఆ వలస గుర్తులు. బహాదుర్ యార్ జంగ్ స్వయంగా మహదవీ అనే ముస్లిం శాఖకు చెందిన పఠాన్. చంచల్‌గూడ మహదవీలకు పేరున్న చోటు. కరాచీలో ఈ కుటుంబాలన్నీ ముహాజిర్లు (వలస వచ్చినవాళ్లు) అనే ఒకే పేరు కింద చేరిపోయాయి. రెండో వలస 1973 చమురు ధరల పెరుగుదల తర్వాత గల్ఫ్‌కు సాగింది. మూడోది చదువు, వైద్యం, కంప్యూటర్ ఉద్యోగాల కోసం బ్రిటన్, అమెరికా, కెనడాలకు. ఈ మూడు వలసల మీద విస్తృతంగా పనిచేసిన మానవశాస్త్రవేత్త కేరెన్ లెనార్డ్ 1978లో హైదరాబాద్ కాయస్థుల సామాజిక చరిత్రను, 2007లో విదేశాల్లోని హైదరాబాదీల అధ్యయనాన్ని పుస్తకాలుగా వెలువరించారు. ఆమె పరిశోధన చూపేదేమిటంటే హైదరాబాదీతనం వెళ్లిన దేశాన్ని బట్టి మారుతుంది. పాకిస్తాన్‌లో అది ముహాజిర్ గుర్తింపులో కలిసిపోయింది. అమెరికాలో పెరిగిన పిల్లలకు ముస్లిం అన్న పేరే ముందు వరుసలోకి వచ్చింది.

ఎందుకు? వెళ్లిన దేశం ఏ ప్రశ్న వేస్తే వలసదారు ఆ ప్రశ్నకే జవాబు తయారు చేసుకుంటాడు. షికాగో డెవాన్ అవెన్యూలో దుకాణం పెట్టిన మనిషిని అతను సయ్యదా, ఖురేషీయా అని అమెరికన్ అడగడు, ఏ దేశం, ఏ మతం అని అడుగుతాడు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత మతం ప్రశ్న అనుమానంతో కూడా వచ్చింది. సౌదీలో కఫాలా పద్ధతి అడుగుతూ వచ్చింది కఫీల్ (పూచీపడే యజమాని) ఎవరు, పాస్‌పోర్టు ఏ దేశానిది అని. అక్కడ పాతబస్తీ పఠాన్ కూడా హిందీయే (భారతీయుడే), కరీంనగర్ రైతు కూడా హిందీయే. అందువల్ల బయటి వీధిలో వంశం అక్కరకు రాదు, మాటల్లో వినిపించడం తగ్గుతుంది. వినిపించడం తగ్గగానే లేదనుకోవడం తొందరపాటు. గల్ఫ్‌కు దారి వేసేది ఎక్కువగా చుట్టరికమే. బావ ఇప్పించిన ఆజాద్ వీసా, పినతండ్రి కొడుకు చూపిన గది, మేనమామ మాట మీద దొరికిన కొలువు. బంధువుల వెంట బంధువులు వెళ్లే వలసలో గదిలో ఉండే పదిమందీ ఒకే ఖాందాన్ వాళ్లు కావడం సహజం.

తెలుగువాళ్ల ఇతర వలసలతో పోలిస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. 1830లలో మారిషస్‌కు, 1903 నుంచి ఫిజీకి గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లినవాళ్లను ఒంటరిగా చేర్చుకుని డిపోలో, ఓడలో, తోటల వరుస ఇళ్లలో కలగలిపి ఉంచారు. ఆడవాళ్ల సంఖ్య తక్కువ, కూలి అందరికీ ఒకటే. అక్కడ కులాల మధ్య గోడలు చాలావరకు కూలాయి. తెలుగువాడు, హిందువు అన్న గుర్తింపులే మిగిలాయి. కంగాణీలు, మేస్త్రీలు ఊరి నుంచి తమవాళ్లను పోగేసి తీసుకెళ్లిన మలయా, బర్మా వలసల్లో కులబంధాలు అంతగా తెగలేదు. ఇరవయ్యో శతాబ్దం చివర అమెరికా చేరిన చదువుకున్న తెలుగువాళ్లు సొంత ఊళ్లతో, కట్నాలతో, ఆస్తులతో సంబంధం తెంచుకోలేదు. 1977లో ఏర్పడ్డ తానా, ఆ తర్వాతి ఆటా లాంటి సంఘాల నాయకత్వం గురించి మాట వస్తే కమ్మ, రెడ్డి అనే పేర్లు బాహాటంగానే వినిపిస్తాయి. కాబట్టి కులాన్ని కరిగించేది సముద్రం కాదు. ఎవరితో కలిసి వెళ్లారు, ఎవరితో కలిసి పనిచేస్తున్నారు, ఎవరిని పెళ్లాడగలరు అన్నవే కరిగిస్తాయి.

పెళ్లి దగ్గర

పాతబస్తీలో పెళ్లి సంబంధాన్ని రిష్తా అంటారు. ఒకప్పుడు ఇల్లిల్లూ తిరిగే మషాతాలు కుదిర్చేవారు. ఇప్పుడు ఉర్దూ దినపత్రికల ప్రకటనలు, 'సియాసత్' పత్రిక చొరవతో జరిగే దూబదూ ములాఖాత్ లాంటి సమావేశాలు, వాట్సాప్ గుంపులు ఆ పని చేస్తున్నాయి. ఈ రిష్తా కాగితం ఒక్కదాన్ని దగ్గరగా చూస్తే చాలు. పేరు, వయసు, ఎత్తు, చదువు తర్వాత సున్నీ సయ్యద్ అనో, సున్నీ షేక్ అనో, షియా అనో, మహదవీ అనో, పఠాన్ అనో ఒక మాట ఉంటుంది. దాని కింద తండ్రి ఉద్యోగం, అన్నదమ్ముల్లో ఒకరు జిద్దాలో, ఒకరు టొరంటోలో అన్న వివరం. చివర ఎలాంటి సంబంధం కోరుతున్నారన్నది, అందులో చాలాసార్లు మళ్లీ అదే వంశం. గ్రీన్‌కార్డు, సయ్యద్ అన్న పేరు ఒకే కాగితం మీద పక్కపక్కన కూర్చుంటాయి. వలస అక్కడ వంశాన్ని వెనక్కి నెట్టలేదు, దాని విలువను కొత్త విలువతో జోడించింది.

దీనికి మతశాస్త్ర మద్దతు ఉన్నట్టు చెప్పేవాళ్లు కుఫూ నియమాన్ని చూపిస్తారు. పెళ్లిలో ఇరుపక్షాలు సరితూగాలన్న ఈ నియమం కింద హనఫీ న్యాయగ్రంథాలు వంశాన్ని, వృత్తిని, సంపదను కూడా లెక్కించాయి. హజ్జాములు (క్షురకులు), నేతగాళ్లు, తోళ్లు శుద్ధి చేసేవాళ్లు వర్తకుల ఇళ్లకు తూగరని కొన్ని గ్రంథాలు చెప్పాయి. కానీ ఇమామ్ మాలిక్ సంప్రదాయం ధర్మనిష్ఠకే ప్రాధాన్యమిచ్చింది. అంటే ఇది శాస్త్రం ఏకగ్రీవంగా విధించిన ఆజ్ఞ కాదు, ఎంచుకున్న వ్యాఖ్యానం. వలసనేల మీదే ఈ వ్యాఖ్యానాన్ని ఎదిరించిన ఉదాహరణ కూడా హద్రమౌత్ అరబ్బుల చరిత్రలో ఉంది. బార్కస్ పూర్వీకుల దాయాదులే డచ్చివారి ఏలుబడిలోని జావాకు కూడా వలస వెళ్లారు. అక్కడ సయ్యద్ ఇంటి ఆడపిల్ల సయ్యద్ కానివాణ్ని పెళ్లాడవచ్చా అన్న వివాదం రేగింది. సూడాన్ నుంచి వచ్చిన పండితుడు అహ్మద్ సూర్కతీ చెల్లుతుందన్నాడు. సయ్యద్‌లతో తెగతెంపులు జరిగి 1914లో బటావియాలో అల్ ఇర్షాద్ సంస్థ పుట్టింది. అది బడులు నడిపి, సయ్యద్ కాని అరబ్బులకు గొంతునిచ్చింది. పుట్టుక పెత్తనాన్ని లోపలి నుంచి, అదే మతం మాటలతో ప్రశ్నించవచ్చని ఆ ఉదంతం రుజువు చేసింది.

పాతబస్తీ హిందువుల్లోనూ సడలింపు ఆధారాలున్నాయి. మాథుర్, సక్సేనా, శ్రీవాస్తవ లాంటి ఉపకులాలుగా విడిగా పెళ్లిళ్లు చేసుకున్న కాయస్థులు ఇరవయ్యో శతాబ్దంలో ఆ గీతలు దాటడం మొదలుపెట్టారు. వంశపారంపర్య దఫ్తర్లు పోయి, ఆధునిక విద్య, జీతం ఉద్యోగాలు వచ్చాక ఉపకులం అండ అవసరం తగ్గింది. ఇక్కడ కారణం నీతిబోధ కాదు, ఉపాధి మారడం. గీత దాటినా కాయస్థత్వం అనే పెద్ద గీత చాలాకాలం నిలిచిందన్నది కూడా గమనించాలి. సడలింపు ఎప్పుడూ ఒక మెట్టు దగ్గర ఆగి, కొత్త అవసరం కోసం ఎదురుచూస్తుంది.

సర్కారు కాగితం

ముస్లింలలో కులం ఉందా అన్న ప్రశ్నకు తెలుగునేల మీద చట్టమే జవాబు రాసుకోవలసి వచ్చింది. దూదేకులవాళ్లు ముందే బీసీ-బి జాబితాలో ఉన్నారు, మెహతర్లు బీసీ-ఎలో. విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, హజ్జాములు, ఖురేషీ కసాబులు, షేక్‌లు సహా 14 సముదాయాలను పేరు పెట్టి చేర్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మేమన్ తదితరులను మినహాయించింది. నిజాం సైన్యంలో చేరిన రెండు వలస సముదాయాలు ఈ చట్టంలో విడిపోయాయి: సిద్దీ, హబ్షీ జాబితాలో ఉన్నారు, అరబ్ మినహాయింపులో. 2010లో హైకోర్టు చట్టాన్ని కొట్టేసినా, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అమలు సాగింది.

2024 నవంబర్‌లో మొదలై 2025 ఫిబ్రవరిలో ఫలితాలు వెలువడిన తెలంగాణ కులసర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. అంటే ప్రతి అయిదుగురు ముస్లింలలో నలుగురు వెనుకబడిన తరగతుల వాళ్లు. వలస పూర్వీకుల గాథలు చెప్పుకునేది ప్రధానంగా ఆ అయిదో మనిషి కుటుంబం. మిగతా నలుగురి పూర్వీకుల్లో ఎక్కువమంది ఈ నేల మీదే కత్తి, కత్తెర, దూది, తోలు పట్టుకుని బతికినవాళ్లు. కానీ విదేశాల్లో హైదరాబాదీ అనగానే నవాబులు, షేర్వానీలు, బిర్యానీలే చెప్పుకునే సంప్రదాయం ఆ నలుగురిని కనపడకుండా చేస్తుంది. ఉర్దూ అంతగా రాని తెలుగు ముస్లింలు అనుభవించే చిన్నచూపును 1991లో వచ్చిన ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' తర్వాత, ముఖ్యంగా 1998 నాటి 'జల్‌జలా' సంకలనం తర్వాత బలపడిన ముస్లింవాద సాహిత్యం తెలుగు పాఠకుల ముందు పెట్టింది.

ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: ఇస్లాంలో కులం లేదు, హిందూ సమాజపు మాటను ముస్లింలకు అంటగట్టడం తప్పు. మతగ్రంథం సమానత్వాన్ని బోధిస్తుందన్నది నిజం. అరబ్బుకు అరబ్బేతరుడి మీద ఆధిక్యం లేదన్న ప్రవక్త చివరి ప్రసంగ సందేశం ప్రతి ముస్లిం ఇంట్లో తెలిసిందే. కానీ బోధను కొలిచేది గ్రంథంతో, సమాజాన్ని కొలిచేది ఆచరణతో. అంబేడ్కర్ పాకిస్తాన్ మీద రాసిన గ్రంథంలో 1901 బెంగాల్ జనగణన చూపిన అష్రాఫ్ (గొప్ప వంశాలు), అజ్లాఫ్ (కింది మెట్లవాళ్లు), అర్జాల్ (అట్టడుగువాళ్లు) అనే విభజనను ప్రస్తావించారు. 1973లో ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో వచ్చిన అధ్యయనాలు దేశంలో పలుచోట్ల అదే చూపాయి. ముస్లిం సమాజంలో నమాజు వరుస ఒకటే, శుద్ధి అశుద్ధి సిద్ధాంతానికి శాస్త్రబలం లేదు. కాబట్టి ఇది హిందూ కులవ్యవస్థకు నకలు కాదు. అయినా పుట్టుక, వృత్తి, లోపలి పెళ్లి అనే మూడూ కలిసి మనిషి స్థాయిని తేలుస్తున్నప్పుడు దాన్ని కులం అనకుండా దాటవేయలేం.

రెండో ఆక్షేపణ: ఇది కులం కాదు, వర్గం. డబ్బు వస్తే ఖురేషీ కొడుకునూ పిలిచి పిల్లనిస్తారు. గల్ఫ్ సంపాదన కొన్ని మెట్లు ఎక్కించిన మాట నిజమే. కానీ డబ్బు వచ్చిన కుటుంబం తరచు చేసే పని వంశాన్ని తోసిపుచ్చడం కాదు, గొప్ప వంశంతో వియ్యం అందుకోవడం. డబ్బు కొనుక్కునే వస్తువుల్లో వంశం ఉన్నంతకాలం వంశానికి విలువ ఉన్నట్టే.

మూడోది: రెండో తరానికి ఇవేమీ పట్టవు. అమెరికా మసీదుల్లో అరబ్బు, ఆఫ్రికన్ అమెరికన్, దక్షిణాసియా ముస్లింలు కలుస్తున్నారు, ఆ పిల్లల్లో కొందరు గీతలు దాటి పెళ్లి చేసుకుంటున్నారు. ఇది విలువైన మార్పు. అయితే సయ్యదింటి అమ్మాయి తెల్లజాతి ముస్లింను పెళ్లాడడం ఎంత తేలిక, నల్లజాతి ముస్లింను పెళ్లాడడం ఎంత కష్టం అని అడిగితే సిద్దీ ఎదుర్కొన్న ప్రశ్నే మళ్లీ ఎదురొస్తుంది.

నాలుగోది అన్నిటికంటే బరువైనది. మతం పేరుతో వేధింపులు ఎదుర్కొంటున్న అల్పసంఖ్యాకుల లోపాలను బయటపెట్టడం శత్రువుకు ఆయుధం ఇవ్వడమే అంటారు. ఇలాంటి వాదననే అమెరికాలో హిందూ సంఘాలు కొన్ని వేరే మాటల్లో వినిపించాయి. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించినప్పుడు, కాలిఫోర్నియాలో రాష్ట్ర సెనేటర్ అయిషా వహాబ్ ప్రవేశపెట్టిన అలాంటి బిల్లు మీద చర్చ నడిచినప్పుడు తమ మతాన్ని దోషిగా నిలబెడుతున్నారని అవి అభ్యంతరం చెప్పాయి. ఆ బిల్లును గవర్నర్ న్యూసమ్ 2023 అక్టోబర్‌లో ఇప్పటి చట్టాలే సరిపోతాయంటూ తిరస్కరించారు. మైనారిటీ భయం అబద్ధం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ రక్షణ కోరే సమాజంలో రెండింతల దెబ్బ తినేది కింది మెట్టు మనిషే: బయట ముస్లిం అని, లోపల హజ్జాం అని. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మొదట దాదాపుగా హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నా ముస్లిం, క్రైస్తవ దళితులు బయటే ఉండిపోయారు. మా మతంలో కులం లేదన్న గౌరవవచనం వాళ్ల హక్కుకే అడ్డుపడింది. ఆయుధం అందకుండా చేసే దారి నిజాన్ని దాచడం కాదు, నిజాన్ని తామే ముందు చెప్పి తామే దిద్దుకోవడం.

పర్యవసానం

పాతబస్తీ అనుభవం నుంచి తేలేది ఇది. కొలువులు పుట్టుకను వదిలి చదువును అడిగినప్పుడు కాయస్థుల గీతలు జరిగాయి. పండితుడు పెళ్లి నియమాన్ని తిరగచదివినప్పుడు జావాలో సయ్యద్‌ల పెత్తనం బీటలువారింది. చట్టం పేరు పెట్టి గుర్తించినప్పుడు సిద్దీకి, ధోబీకి కాలేజీ తలుపు తెరుచుకుంది. ఊరకే దేశం దాటినందువల్ల మాత్రం ఏ గీతా చెరగలేదు. విదేశాల్లో సంఘాలు, మసీదు కమిటీలు, దేవాలయ ట్రస్టులు నడిపే హైదరాబాదీలు, తెలుగువాళ్లు ఈ లెక్కను తమకు అన్వయించుకోవాలి. కమిటీలో ఎవరి పిల్లలున్నారు, వేదిక మీద ఎవరి చరిత్ర వినిపిస్తోంది, రిష్తా కాగితంలో వంశం గడి ఎందుకు నింపుతున్నారు అన్నవి వాళ్లు ఈరోజే అడగగలిగిన ప్రశ్నలు. పరాయి దేశంలో తన మతం పేరు చెప్పి సమాన గౌరవం కోరే మనిషి అదే గౌరవాన్ని తన ఇంటి పెళ్లిచూపుల్లో ఎదుటివాడి తాత పేరు అడగకుండా ఇవ్వాలి. ఆ రెండూ ఒకే న్యాయం.